సభాపతి అనంతశయనం అయ్యంగారు

పాఠ్యభాగ పరిచయం

ప్రజలు తమ ప్రతినిధులను ఎన్నుకొని చట్టసభలకు పంపుతారు. ఆ ప్రతినిధులు తమలో ఒకరిని సభాపతిగా ఎన్నుకొంటారు. సభ్యునికి వాదించడం ధర్మం. సభాపతికి అందరి వాదాలనూ విని, ఎవరి పక్షమూ వహించకుండా ఉండడం ధర్మం. ఈ రెండు ధర్మాలను ఒకే జీవితంలో నిర్వహించవలసి వచ్చిన తెలుగునాటి ప్రముఖుడు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. వలసపాలన కాలంలో కేంద్ర శాసనసభలో ప్రతిపక్ష సభ్యుడుగా ప్రవేశించి, స్వతంత్ర భారతంలో లోక్‌సభాపతి స్థానాన్ని అలంకరించిన ఆ చిత్తూరు జిల్లా న్యాయవాది జీవిత విశేషాలను ఈ పాఠం వివరిస్తుంది.

బాల్యం – విద్యాభ్యాసం

తిరుపతి పట్టణానికి సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో, పద్మావతీ అమ్మవారు వెలసిన పుణ్యక్షేత్రం తిరుచానూరు. ఆ గ్రామంలో 1891వ సంవత్సరం ఫిబ్రవరి 4వ తేదీన అనంతశయనం అయ్యంగారు జన్మించారు. తండ్రి వెంకట వరదాచారి. ఆయన పుట్టేనాటికి చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. తిరుపతి అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. ఉత్తర ఆర్కాటు, కడప, నెల్లూరు జిల్లాలలోని కొన్ని ప్రాంతాలను కలిపి 1911లో చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేశారు. ఇంట వైష్ణవ సంప్రదాయపు తమిళ పాశురాలు, బయట తెలుగు పలుకుబడి, చదువులో సంస్కృతం, ఆంగ్లం. ఈ నాలుగు భాషల వాతావరణం ఆనాటి తిరుపతి ప్రాంతపు విద్యావంతులకు సహజంగా లభించిన సంపద.

తిరుపతిలోని దేవస్థానం ఉన్నత పాఠశాలలో అయ్యంగారి ప్రాథమిక శిక్షణ జరిగింది. ఉన్నత విద్యకు ఆనాడు చెన్నపట్నమే దిక్కు. పచ్చయప్ప కళాశాలలో పట్టభద్రులై, మద్రాసు న్యాయకళాశాలలో చేరి 1913లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1912లో ఆయన గణితోపాధ్యాయులుగా జీవితం ప్రారంభించారు. 1915 నుండి న్యాయవాద వృత్తి చేపట్టారు. లెక్కలు చెప్పిన అలవాటు ఆయనకు తరువాతి కాలంలో ఎంతగానో ఉపకరించింది. ప్రభుత్వ పద్దులను పరిశీలించే సంఘానికి అధ్యక్షత వహించవలసిన నాడు ఆ ఉపాధ్యాయుని చూపే అక్కరకు వచ్చింది.

స్వాతంత్ర్యోద్యమంలో

ఆ రోజులలో న్యాయవాద వృత్తి గౌరవానికీ, సంపాదనకూ రాజమార్గం. న్యాయస్థానాలను విడిచిపెట్టి రావలసిందని గాంధీజీ పిలుపునిచ్చినప్పుడు ఆ పిలుపు న్యాయవాదుల ఇంటి పొయ్యినే ప్రశ్నించింది. 1921–22 సంవత్సరాలలో సహాయ నిరాకరణోద్యమం సాగిన వేళ అయ్యంగారు తమ వృత్తిని ఒక ఏడాదిపాటు నిలిపివేశారు.  ఆనాటి మద్రాసు రాష్ట్రంలో పట్టణాల పురపాలక సంఘాలు, పల్లెపట్టుల తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు ప్రజాజీవనానికి తొలి పాఠశాలలు. జిల్లాలలోని న్యాయవాదులే ఆ సంస్థలలోనూ, కాంగ్రెసు సంఘాలలోనూ ముందు వరుసలో నిలిచారు. చిత్తూరు జిల్లాలో అయ్యంగారు అట్టి వారిలో ఒకరు.

1940 అక్టోబరులో గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహాన్ని ప్రారంభించారు. యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడే స్వేచ్ఛను కోరుతూ, ఎన్నికచేసిన సత్యాగ్రహులు ఒక్కరొక్కరుగా శాసనోల్లంఘనం చేయడం ఆ ఉద్యమ పద్ధతి. అయ్యంగారు అందులో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. 1942లో 'క్విట్ ఇండియా' నినాదం దేశమంతటా మారుమ్రోగినప్పుడు ఆయన మరల నిర్బంధానికి గురయ్యారు. ఆ నిర్బంధం 1944 వరకు సాగింది. చట్టసభలో సభ్యత్వం ఉన్న వ్యక్తి చెరసాలకు వెళ్ళడం, చెరసాల నుండి వచ్చి మరల చట్టసభకు ఎన్నిక కావడం వలసపాలనలో మాత్రమే కనిపించే విచిత్రం.

కేంద్ర శాసనసభలో

1919 నాటి చట్టం ప్రకారం ఢిల్లీలో కేంద్ర శాసనసభ ఏర్పడింది. ఆస్తి ఉన్నవారికీ, పన్ను చెల్లించేవారికీ మాత్రమే ఓటు. సభలో ఎన్నికైనవారితోపాటు ప్రభుత్వం నియమించిన అధికారులూ కూర్చొనేవారు. 1934లో జరిగిన ఎన్నికలలో కాంగ్రెసు పాల్గొన్నది. నేటి రాయలసీమ ప్రాంతాన్ని ఆనాడు దత్తమండలాలు అని పిలిచేవారు. దత్తమండలాలు, చిత్తూరు కలిసిన నియోజకవర్గం నుండి అయ్యంగారు ఎన్నికయ్యారు. భూలాభాయ్ దేశాయి నాయకత్వం వహించిన కాంగ్రెసు పక్షంలో మద్రాసు నుండి వచ్చిన సత్యమూర్తి వంటి వక్తల సరసన ఆయన కూర్చున్నారు.

ఆ సభ ఒక వింత సభ. సభ్యులు ప్రశ్నించవచ్చు, వాదించవచ్చు, ఓటు వేసి ప్రభుత్వాన్ని ఓడించవచ్చు. కానీ ప్రభుత్వం మాత్రం కూలిపోదు. ఆర్థిక బిల్లును సభ తిరస్కరించినా వైస్రాయి తన విశేషాధికారంతో దానికి ఆమోదముద్ర వేసేవాడు. గెలిచినా ఫలితం లేని సభలో మాట్లాడడం ఎందుకని నిరాశ చెందినవారు ఉన్నారు. అయ్యంగారి వంటివారు వేరొక మార్గాన్ని ఎన్నుకొన్నారు. అధికారం చేతిలో లేకపోయినా ప్రశ్న చేతిలో ఉన్నది. ఏ శాఖ ఎంత ఖర్చు చేసినది, ఆ ఖర్చు ఎవరి మేలుకొరకు జరిగినది అని అడిగినప్పుడు ప్రభుత్వం జవాబు చెప్పక తప్పదు. ఆ జవాబు పత్రికలలో అచ్చవుతుంది. దేశం చదువుతుంది. ఈ విధంగా ఫలితం లేని సభ కూడా స్వపరిపాలనకు అభ్యాసశాల అయింది.

రాజ్యాంగ నిర్మాణంలో

1946లో రాజ్యాంగ నిర్మాణసభ ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రం నుండి ఎన్నికైన సభ్యులలో అయ్యంగారు ఉన్నారు. 1948 జనవరి 30న గాంధీజీ హత్య జరిగింది. దేశం దుఃఖంలో మునిగి ఉన్న ఆ దినాలలో, 1948 ఏప్రిల్ 3న, శాసన నిర్మాణ విధులను నిర్వహిస్తున్న ఆ సభలో అయ్యంగారు ప్రవేశపెట్టిన తీర్మానం ఆమోదం పొందింది. మతం ప్రాతిపదికగా సభ్యత్వమిచ్చే సంస్థలు తమ మత, సాంస్కృతిక, సాంఘిక, విద్యా సంబంధమైన నిజమైన అవసరాలకు మించి రాజకీయ కార్యకలాపాలు సాగించరాదని ఆ తీర్మానం సారాంశం. ప్రధాని నెహ్రూ దానిని సమర్థించారు. తిరుమలేశుని పాదాల చెంత పుట్టి, సంప్రదాయ జీవనాన్ని గడిపిన ఒక శ్రీవైష్ణవుడు ఈ తీర్మానాన్ని తెచ్చాడన్న సంగతి గమనింపదగినది. భక్తి మనిషి అంతరంగానికి సంబంధించినది, రాజ్యాధికారం అందరికీ సంబంధించినది అన్న వివేకం అందులో ఉన్నది.

1948 నవంబరులో రాజ్యాంగ ముసాయిదాపై చర్చ జరిగింది. గ్రామాలకు అందులో తగిన స్థానం లేదని పలువురు సభ్యులు విమర్శించారు. డాక్టర్ అంబేద్కర్ మాత్రం, గ్రామాలు కులభేదాలకూ, సంకుచితత్వానికీ నిలయాలని, వ్యక్తినే రాజ్యాంగానికి ప్రాతిపదికగా తీసుకోవడం సమంజసమని వాదించారు. ఈ వివాదంలో అయ్యంగారు మధ్యేమార్గం చూపారు. గ్రామ గణతంత్రాలు నేడు ఉన్నాయని భ్రమించలేదు. వాటిని ఇకమీద నిర్మించుకోవలసి ఉన్నదని అంగీకరించారు. గ్రామ పంచాయతీలను నెలకొల్పి, వాటికి రాజకీయ స్వయంప్రతిపత్తినీ, ఆర్థిక స్వాతంత్ర్యాన్నీ కల్పించవలసిందిగా రాబోయే ప్రభుత్వాలకు ఆదేశిక సూత్రాలలో ఒక నిబంధన చేర్చాలని సూచించారు. కొద్ది రోజులకే, 1948 నవంబరు 22న, కె. సంతానం ప్రతిపాదించిన సవరణ ఆమోదం పొంది నేటి 40వ అధికరణం రూపొందింది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణకు మూలబీజం ఆ అధికరణమే.

అదే నెలలో దేశానికి ఏ పేరు పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, భారత్, భారతవర్షం, హిందుస్థాన్ అన్న పేర్లను అయ్యంగారు ముందుంచి, తొందరపడకుండా సభ్యులు ఏకాభిప్రాయానికి వచ్చేందుకు గడువు కావాలని కోరారు. ఆ ప్రశ్న 1949 సెప్టెంబరులో పరిష్కారమయింది. 'ఇండియా, అనగా భారత్' అన్న మాటలు రాజ్యాంగపు మొదటి అధికరణంలో చేరాయి.

ఉపసభాపతి – పద్దుల పరిశీలకుడు

1948లో అయ్యంగారు ఉపసభాపతిగా ఎన్నికయ్యారు. 1950లో అంచనాల సంఘం ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులు ఆయనే. తొలినాళ్ళలో 25 మంది సభ్యులున్న ఈ సంఘంలో 1956 నుండి 30 మంది ఉంటున్నారు. మంత్రులకు ఇందులో చోటు లేదు. ప్రభుత్వ శాఖలు ప్రజాధనాన్ని ఎంత పొదుపుగా, ఎంత సమర్థంగా ఖర్చు చేస్తున్నాయో పరిశీలించి సభకు నివేదిక సమర్పించడం దీని విధి. వలసపాలనలో ప్రశ్నలు వేసిన సభ్యుడు స్వతంత్ర భారతంలో ప్రశ్నించే వ్యవస్థను నిలబెట్టే బాధ్యత స్వీకరించాడు. పాలకులు మనవారే అయినా లెక్క అడగవలసిందే అన్నది ఆ వ్యవస్థ సారం.

1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో తిరుపతి నుండి అయ్యంగారు లోక్‌సభకు ఎన్నికయ్యారు. సభాపతి మావలంకర్, ఉపసభాపతి అయ్యంగారు. 1954 డిసెంబరు 18న ఒక అరుదైన సన్నివేశం జరిగింది. సభాపతి పక్షపాతం వహిస్తున్నారని ఆరోపిస్తూ, ఆయనను తొలగించాలని ప్రతిపక్ష సభ్యులు తీర్మానం ప్రతిపాదించారు. లోక్‌సభ చరిత్రలో ఇటువంటి తీర్మానం చర్చకు రావడం అదే మొదలు. రాజ్యాంగంలోని 96వ అధికరణం ప్రకారం తనపై తీర్మానం చర్చలో ఉండగా సభాపతి అధ్యక్షత వహించరాదు. ఆ దినం అధ్యక్షస్థానంలో కూర్చున్నది అయ్యంగారు. తన సహచరునిపై వచ్చిన ఆరోపణను, అదీ తన పక్షానికే చెందిన సహచరునిపై వచ్చిన ఆరోపణను, నియమానుసారం చర్చింపజేయడం ఆయనకు ఎదురైన ధర్మసంకటం. తీర్మానం వీగిపోయింది. అయితే సభాపతిని సైతం సభ ప్రశ్నింపగలదన్న సత్యం ఆనాడు స్థిరపడింది.

సభాపతిగా

1956 ఫిబ్రవరి 27న మావలంకర్ మరణించారు. మార్చి 8న అయ్యంగారు సభాపతిగా ఎన్నికయ్యారు. 1957లో చిత్తూరు నియోజకవర్గం నుండి గెలిచి రెండవ లోక్‌సభకూ సభాపతి అయ్యారు. ఆయన పదవీకాలంలో సభ ఎదుర్కొన్న పరీక్షలలో కొన్ని పేర్కొనదగినవి.

మొదటిది, ప్రభుత్వం జవాబుదారీ కావడం. 1957 డిసెంబరు 16న ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో ఒక సంచలన ప్రసంగం చేశారు. జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు సంస్థలలో సుమారు ఒక కోటి 24 లక్షల రూపాయల వాటాలను కొన్న విషయాన్ని ఆయన నిలదీశారు. ఫిరోజ్ గాంధీ పాలక పక్ష సభ్యుడే, ప్రధానికి అల్లుడు కూడా. ప్రభుత్వం న్యాయమూర్తి చాగ్లాతో విచారణ జరిపించింది. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి 1958 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. గెలిచినా ఫలితం లేని కేంద్ర శాసనసభను చూసిన అయ్యంగారు, ఒక సభ్యుని ప్రశ్నతో మంత్రి పదవి నుండి తొలగిన సభకు ఈసారి అధ్యక్షులు.

రెండవది, స్త్రీల గౌరవానికి సంబంధించినది. వరకట్న నిషేధ బిల్లులో వరకట్నానికి నిర్వచనం ఎట్లుండాలన్న విషయంలో లోక్‌సభ, రాజ్యసభలు ఏకీభవించలేదు. పెండ్లిలో ఇచ్చే కానుక ఎక్కడ ముగుస్తుంది, కట్నం ఎక్కడ మొదలవుతుంది అన్నదే చిక్కు. ఈ భేదాన్ని తీర్చడానికి 1961 మే 6, 9 తేదీలలో ఉభయసభల సంయుక్త సమావేశం జరిగింది. మన పార్లమెంటు చరిత్రలో ఇదే మొదటి సంయుక్త సమావేశం. సభాపతిగా దానికి అధ్యక్షత వహించినవారు అయ్యంగారు. ఆ సమావేశం ఆమోదించిన బిల్లే 1961 వరకట్న నిషేధ చట్టం. చట్టం వచ్చి దశాబ్దాలు గడిచినా ఆ దురాచారం పూర్తిగా అంతరించలేదు. చట్టసభ చేయగలిగినది చేస్తుంది. మిగిలినది సమాజం చేయవలసి ఉంటుంది.

మూడవది, సభ గౌరవానికీ పత్రికా స్వేచ్ఛకూ నడుమనున్న హద్దు. ఆచార్య కృపలానీని కించపరిచే వ్రాతను ప్రచురించినందుకు 'బ్లిట్జ్' వారపత్రిక సంపాదకుడు ఆర్.కె. కరంజియా సభాహక్కుల ఉల్లంఘనకు పాల్పడినట్లు సభ నిర్ణయించింది. 1961 ఆగస్టు 29న ఆయనను సభ ముంగిటికి పిలిపించి, సభాపతి మందలించారు. సభ తన గౌరవాన్ని కాపాడుకొన్నదని కొందరు, విమర్శకునికి తీర్పు చెప్పే అధికారం విమర్శకు గురైనవారికే ఉండడం న్యాయమా అని మరికొందరు వాదించారు. సభాహక్కులకూ భావప్రకటన స్వేచ్ఛకూ మధ్య ఎక్కడ గీత గీయాలన్న ప్రశ్న నేటికీ చర్చనీయాంశమే.

నాలుగవది, స్వంత జిల్లాకు సంబంధించినది. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడిన తరువాత ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు తగవు పటాస్కర్ మధ్యవర్తిత్వానికి వెళ్ళింది. ఆయన సిఫారసులను అనుసరించి 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టాన్ని ఆమోదించింది. 1960 ఏప్రిల్ 1 నుండి చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకాలో అధిక భాగం మద్రాసు రాష్ట్రంలో చేరింది. సత్యవేడు ప్రాంతం చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. చిత్తూరు ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధే ఆనాడు సభాపతి. సాధారణ సభ్యుడైతే లేచి తన జిల్లా వాణి వినిపించవచ్చు. సభాపతి చర్చలో పాల్గొనరు. ఇరుపక్షాల ఓట్లూ సమానమైనప్పుడు తప్ప ఓటు వేయరు. గౌరవాలలో మేటియైన ఆ పీఠం తన వాణిని తానే అదుపులో ఉంచుకొమ్మని కోరుతుంది. తిరుపతి న్యాయస్థానాలలోనూ, కేంద్ర శాసనసభలోనూ మాటనే ఆయుధంగా ధరించిన వ్యక్తికి మౌనమే విధి కావడం ఎంతటి నిగ్రహాన్ని కోరుతుందో ఊహింపవచ్చు.

బీహారు గవర్నరుగా

1962లో అయ్యంగారు చిత్తూరు నుండి మరల లోక్‌సభకు ఎన్నికయ్యారు. అయితే ఆ సంవత్సరం మే 12న బీహారు గవర్నరుగా పదవి స్వీకరించారు. అక్కడ ఆయన ఐదేండ్లకు పైగా ఉన్నారు. 1966–67లో వర్షాలు లేక బీహారు తీవ్రమైన కరవుకు గురయింది. 1967 ఎన్నికలలో కాంగ్రెసు అధికారం కోల్పోయి, మహామాయా ప్రసాద్ సిన్హా ముఖ్యమంత్రిగా ఆ రాష్ట్రంలో మొదటి కాంగ్రెసేతర ప్రభుత్వం ఏర్పడింది. జీవితమంతా కాంగ్రెసులో గడిపిన వ్యక్తి గవర్నరుగా ఉండగా అధికారం ప్రశాంతంగా చేతులు మారింది. పక్షానికి అతీతంగా నిలిచే పాఠాన్ని సభాపతి పీఠంపై నేర్చినవారికి ఈ ఘట్టం కొత్తది కాదు.

చివరి సంవత్సరాలు

1967 డిసెంబరులో పదవీ విరమణ చేసి అయ్యంగారు తిరుపతికి తిరిగి వచ్చారు. సంస్కృత విద్యపై ఆయనకు అపారమైన అభిమానం. 1961లో తిరుపతిలో వెలసిన కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం అభివృద్ధికి ఆయన తోడ్పడ్డారు. నేడు అది జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంగా ఎదిగింది. 1978 మార్చి 19న తమ 87 ఏండ్ల వయస్సులో ఆయన పరమపదించారు.

ఆయన జన్మించినప్పుడు ఈ దేశ ప్రజలకు తమ పాలకులను ఎన్నుకొనే హక్కు లేదు. ఆయన యౌవనంలో ఆ హక్కు ఆస్తిపరులకు మాత్రమే దక్కింది. ఆయన వృద్ధాప్యం నాటికి కూలివాడూ, కోటీశ్వరుడూ ఒకే వరుసలో నిలిచి, ఒక్కొక్క ఓటు వేశారు. ఈ మార్పు తనంత తాను రాలేదు. వృత్తిని విడిచినవారు, చెరసాలకు వెళ్ళినవారు, లెక్కలు అడిగినవారు, అవసరమైనచోట మౌనం పాటించినవారు కలిసి దానిని సాధించారు. ఆ నాలుగు పనులనూ చేసినవారిలో తిరుచానూరు బిడ్డ ఒకరు.

అభ్యాసం

అ) పదాలు – అర్థాలు
ధర్మసంకటం = రెండు కర్తవ్యాల నడుమ ఏది చేయాలో తోచని స్థితి
ముసాయిదా = చిత్తుప్రతి
స్వయంప్రతిపత్తి = తన వ్యవహారాలను తానే నిర్వహించుకొనే అధికారం
వీగిపోవు = ఓడిపోవు

ఆ) సంధులు
ఏక + అభిప్రాయం = ఏకాభిప్రాయం – సవర్ణదీర్ఘ సంధి
స్వాతంత్ర్య + ఉద్యమం = స్వాతంత్ర్యోద్యమం – గుణసంధి

ఇ) సమాసాలు
సభాపతి – సభకు పతి – షష్ఠీ తత్పురుష సమాసం
నాలుగు భాషలు – నాలుగైన భాషలు – ద్విగు సమాసం

ఈ) వ్యాసరూప ప్రశ్నలు
1. రాజ్యాంగ నిర్మాణంలో అనంతశయనం అయ్యంగారి పాత్రను వివరించండి.
2. సభ్యుని ధర్మానికీ, సభాపతి ధర్మానికీ గల భేదాన్ని పాఠంలోని సంఘటనల ఆధారంగా చర్చించండి.

ఉ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కేంద్ర శాసనసభను 'వింత సభ' అనడానికి కారణమేమిటి?
2. అంచనాల సంఘం విధి ఏమిటి?
3. 1961లో సంయుక్త సమావేశం ఎందుకు జరిగింది?
4. 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం సభాపతికి ఎట్టి పరీక్ష అయింది?